దూకే ముందు ఒకరినొకరు

సికింద్రాబాద్‌లో ఉన్నవాళ్లు సముద్రం చూడాలంటే గంటల తరబడి రైల్లో గడపాలి. అయినా స్కూబా నేర్చుకునే కుర్రకారు ఇక్కడ బాగానే ఉన్నారు. ఈత కొలనులో మొదటి పాఠాలు, ఆపైన సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్, తెల్లారేసరికి విశాఖ, రుషికొండ దగ్గర బోటు. వాళ్లలో ఎవరు కలిసినా ఎన్ని చేపలు చూశావని నేను అడగను. దిగే ముందు నీ సామాను ఎవరు చూశారు, నువ్వు ఎవరిది చూశావు అని అడుగుతాను. చాలామంది "గైడ్ చూసుంటాడు లెండి" అంటారు. ఈ వారం రాయాలనిపించింది ఆ "చూసుంటాడు" గురించే.

బడ్డీ చెక్ అంటే జంటగా దిగే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒకరి సామాను ఒకరు చేత్తో పట్టి చూసుకోవడం. బీసీడీ అనే గాలి జాకెట్ ఉబ్బుతోందా, వదిలితే గాలి పోతోందా? బరువులు ఒక్క గుంజుకి ఊడి వస్తాయా? ఏ బకిల్ ఎక్కడుంది? తర్వాత గాలి. చివరగా మాస్కు, ఫిన్స్‌తో సహా తల నుంచి కాలి దాకా ఒక చూపు. తీరిగ్గా చేసినా రెండు మూడు నిమిషాల పని.

ఇందులో గాలి దగ్గర అందరూ తొందరపడతారు. ఒకసారి పీల్చి, బొటనవేలు, చూపుడువేలు కలిపి ఓకే చూపించేస్తారు. సిలిండర్ వాల్వ్ పూర్తిగా మూసి ఉన్నా గొట్టంలో మిగిలిన గాలి కొద్ది శ్వాసలకు సరిపోతుంది. కొంచెమే తెరిచి ఉంటే ఇంకా ప్రమాదం. బోటు మీద హాయిగా ఊపిరి ఆడుతుంది, గేజ్ నిండుగా 200 బార్ చూపిస్తుంది. పది మీటర్ల లోతున పీడనం ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు, ఇరవై మీటర్ల దగ్గర మూడింతలు. ఒక్కో శ్వాసకు పట్టే గాలి కూడా అదే లెక్కన పెరుగుతుంది. అరకొరగా తెరిచిన వాల్వ్ అంత గాలిని అందించలేదు. అందుకని గేజ్ వంకే చూస్తూ నాలుగైదుసార్లు గట్టిగా పీల్చాలి. ముల్లు కదలకుండా నిలిస్తే సరే. పీల్చినప్పుడల్లా కిందికి పడి లేస్తుంటే దూకకూడదు. వాల్వ్‌ను పూర్తిగా తెరిచి పావు చుట్టు వెనక్కి తిప్పడం పాతకాలపు అలవాటు. దిశ పొరబడి, పూర్తిగా మూసి పావు చుట్టు మాత్రమే తెరిచి దిగినవాళ్లున్నారు. డైవర్ల భద్రతా సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ ఇప్పుడు పూర్తిగా తెరిచి అలాగే వదిలేయమంటుంది. గాలిలో నూనె వాసనో పొగ వాసనో తగిలితే మొహమాటపడకుండా ఆ సిలిండర్ పక్కన పెట్టించాలి.

మన కొలనుల్లో నేర్చుకున్నవాళ్లకి బరువుల దగ్గర ఇంకో చిక్కుంది. ఉప్పునీరు మంచినీటి కంటే దాదాపు రెండున్నర శాతం చిక్కన. సామానుతో కలిపి నూరు కిలోలు తూగే మనిషికి కొలనులో సరిపోయిన బరువు రుషికొండలో సరిపోదు, ఇంకో రెండున్నర కిలోలు కావాలి. అందుకే సముద్రంలో మళ్లీ తేలి చూసి సరిచేసుకోవాలి. ఆ బరువులు ఎలా ఊడతాయో పక్కవాడికీ తెలియాలి. ప్రాణాలు పోగొట్టుకున్న డైవర్లలో చాలామంది ఒంటిమీద బరువులు అలాగే ఉన్నాయని ప్రమాదాలను పరిశీలించినవాళ్లు ఏళ్లుగా చెబుతున్నారు.

ఎవరి సామాను వాళ్లు చూసుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. లోపల నా గాలి అయిపోతే నేను చేయి చాచేది నా బడ్డీ ఒంటిమీదున్న ఆక్టోపస్, అంటే పక్కవాడి కోసం ఉంచే అదనపు గాలి గొట్టం కోసం. ఆ పసుపుపచ్చ గొట్టం కుడివైపు వేలాడుతోందో, జేబులో దోపి ఉందో నాకు అప్పుడు వెతుక్కునే వ్యవధి ఉండదు. బడ్డీ చెక్‌లో నేను నేర్చుకునేది అతని ఒంటి పటం.

అనుభవం ఉన్నవాళ్లతోనే ఎక్కువ పేచీ. "మళ్లీ చూడక్కర్లేదు బాబూ, నేనే కట్టాను కదా" అన్న గైడ్‌తో, "మీరు కట్టారు సరే అన్నా, ఒక్కసారి ఇద్దరం చూసుకుందాం" అని నిలబడ్డాను. నొచ్చుకున్నాడు, అయినా చూపించాడు. మన స్టేషన్ నుంచి కదిలే ఎక్స్‌ప్రెస్ ఇంజిన్‌లో లోకో పైలట్, అసిస్టెంట్ సిగ్నల్ రంగును ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. ఎంత సర్వీసున్న పెద్దాయనైనా కొత్తగా చేరిన కుర్రాడికి చెప్పాల్సిందే, అతని నోట వినాల్సిందే. అందులో ఎవరికీ చిన్నతనం లేదు.

విశాఖకు డైవింగ్ కొత్త కాదు. 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరకు మన నౌకాదళ డైవర్లు దిగింది ఆ తీరంలోనే. హిందూస్తాన్ షిప్‌యార్డ్ కట్టిన డైవింగ్ సహాయక నౌక నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరిందీ అక్కడే. నౌకాదళాల్లో సూపర్‌వైజర్ చూసి సరేనంటేనే డైవర్ దిగుతాడు. డబ్బు కట్టి సరదాగా దిగే మనకు అలాంటి పైవాడు ఉండడు. ఉన్నది బడ్డీ ఒక్కడే.

ఇంకో ప్రశ్న ఏ బడ్డీ చెక్ కార్డు మీదా కనిపించదు గానీ, మనవాళ్లను తప్పకుండా అడగాలి: పైకొచ్చాక ఎక్కడికి వెళ్తున్నావు? పొద్దున డైవ్, మధ్యాహ్నం అరకు అని టూరు వేసుకునేవాళ్లు తెలుసు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు, ఘాట్‌లో దారి అంతకంటే పైకి పోతుంది. ఒంట్లో కరిగిన నైట్రోజన్ ఇంకా బయటికి పోకముందే ఎత్తుకెక్కితే అది బుడగలు కడుతుంది. విమానమైనా అంతే. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలి.

కాబట్టి ఈ సెలవుల్లో విశాఖ వెళ్లేవాళ్లు అరకు, బొర్రా ముందు చూసేయండి. డైవ్ చివర్లో పెట్టుకుని, తిరుగు ప్రయాణం రైల్లో చేయండి. మొదటిసారి దిగుతున్నా సరే, బోటు మీద గేజ్ మీ కళ్లతో చూసి, ముల్లు కదలట్లేదని తేల్చుకున్నాకే దూకండి. ఎవరైనా తొందరపెడితే దిగనని చెప్పండి.