నఫ్సుతో లెక్క: గజాలీ ముహాసబ గ్రంథముపై విమర్శ

తెలుగున లెక్కలకు సంబంధించిన మాటలను ఒకచోట చేర్చి చూచినచో ఒక విశేషము గోచరించును. జమ, బాకీ, వసూలు, హిసాబు మున్నగునవి అరబీ మూలము గలవి. పారసీకమును, ఉర్దూను దాటి, కచ్చేరీల మూలమున మన భాషలో స్థిరపడినవి. నైతిక బాధ్యతను చెప్పుటకు మనము వాడు 'జవాబుదారీ' యను మాటలోని జవాబు కూడ అరబీ పదమే. కరణముల కవిలెకట్టల కెక్కిన యీ మాటలు తమ పుట్టినింట పన్నులకును వర్తకమునకును మాత్రమే పరిమితములు కావు. హిసాబ్ అనునది తీర్పుదినమున మానవుని కర్మలపై జరుగు విచారణకు ఖురానులోని పేరు. ఆ ధాతువునుండియే 'ముహాసబ' యను పదము కలిగినది. ఆ దినమునకై వేచియుండక మనుష్యుడు తన లెక్కను తానే చూచుకొనుట దాని యర్థము.

ఈ ముహాసబను శాస్త్రముగా కూర్చిన గ్రంథములలో గజాలీ (1058–1111) రచించిన 'ఇహ్యా ఉలూమిద్దీన్' నందలి ముప్పదియెనిమిదవ ప్రకరణము ప్రసిద్ధమైనది. ఆ ప్రకరణమంతయు వర్తకుని చిట్టా యను నొక్క ఉపమానముపై నిలిచియున్నది. నైతిక జీవనమును వివరించుటకు ఆ యుపమానము చాలునా, చాలనిచో గజాలీ దానిని ఎచ్చట విడిచినాడు అనునదియే యీ వ్యాసమున విచార్యాంశము.

ముందుగా చరిత్రను సంగ్రహముగా చూతము. ప్రతి ప్రాణియు రేపటికై తాను ముందు పంపినదేమో చూచుకొనవలెనను బోధ ఖురాను ఏబదితొమ్మిదవ సూరాలో నున్నది. తన్ను తాను నిందించుకొను నఫ్సు ప్రసక్తి డెబ్బదియైదవ సూరాలో నున్నది. పైవాడు లెక్క యడుగకముందే మీ లెక్క మీరు చూచుకొనుడను భావము గల హితవును ఖలీఫా ఉమర్‌కు ఆరోపింతురు. ఈ బీజములను పెంచి శాస్త్రముగా చేసినవాడు బస్రాలో పుట్టి బగ్దాదులో జీవించిన హారిస్ ఇబ్న్ అసద్ (మరణము 857). ముహాసబయందలి నిష్ఠచేతనే అతనికి 'ముహాసిబీ' యను పేరు వచ్చినది. అతని 'రిఆయ' యను గ్రంథమును మార్గరెట్ స్మిత్ 1940లో పరిష్కరించి ప్రకటించెను. తర్కపద్ధతిని మతవిషయములలో వాడినందులకు అహ్మద్ ఇబ్న్ హంబల్ అతనిని గర్హించెననియు, అతని అంత్యక్రియలకు నలుగురు మాత్రమే వచ్చిరనియు పూర్వ చరిత్రకారులు వ్రాసిరి. బగ్దాదు నిజామియా విద్యాలయమున 1091లో ఆచార్యత్వము స్వీకరించి 1095లో దానిని వదలి వెడలిన గజాలీ, సూఫీ మార్గమును తెలిసికొనుటకు చదివిన గ్రంథములలో ముహాసిబీ రచనలు కలవని తన ఆత్మకథాత్మక గ్రంథమైన 'అల్ మున్ఖిజ్'లో చెప్పుకొనెను. కీర్తి కొరకు బోధించుచున్నానా, దేవుని కొరకు బోధించుచున్నానా యను సంశయమే అతని నిష్క్రమణమునకు ముఖ్యకారణముగా ఆ గ్రంథమున కనబడుచున్నది. కావున ముహాసబ అతనికి పుస్తకవిద్య మాత్రమే కాదు.

ఇక ప్రకరణ స్వరూపము. బుద్ధి వర్తకుడు, నఫ్సు అతని మూలధనమును చేతబట్టి వ్యాపారము చేయు భాగస్వామి. వీరి వ్యవహారము ఆరు ఘట్టములుగా సాగును. మొదటిది ముషారత, అనగా షరతు పెట్టుట: ప్రాతఃకాల నమాజు పిమ్మట కొంతసేపు మనస్సును ఇతర వ్యాపకములనుండి మరల్చి, నేడు ఏమి చేయవలెనో, కన్ను, చెవి, నాలుక మొదలగు ఏడు అవయవములను ఎట్లు కాపాడవలెనో నఫ్సుతో ఒడంబడిక చేసికొనుట. రెండవది మురాఖబ: పని నడుచుచుండగా కనిపెట్టుకొనియుండుట. మూడవది ముహాసబ: దినాంతమున లెక్క చూచుట. నాల్గవది ముఆఖబ: తప్పునకు దండన. అయిదవది ముజాహద: సోమరితనమునకు విరుగుడుగా అధిక పరిశ్రమ. ఆరవది ముఆతబ: నఫ్సును నిందించి మందలించుట. మూడవ ఘట్టము పేరే మొత్తమునకు పేరైనది. కాని దానికి ముందు రెండును వెనుక మూడును ఉన్నవని గమనింపవలెను. లెక్క చూచుట యొక్కటే ఆత్మశోధన కాదని యీ క్రమమే తెలుపుచున్నది.

ఉపమానము బలముగా పనిచేయు చోట్లు కొన్ని కలవు. దినమునందలి ఇరువదినాలుగు గంటలు తీర్పునాడు ఇరువదినాలుగు పెట్టెలవలె తెరువబడునని గజాలీ వర్ణించెను. సత్కర్మ చేసిన గంట పెట్టె వెలుగుతో నిండియుండును. పాపము చేసిన గంటది చీకటితోను దుర్గంధముతోను నిండియుండును. నిద్రలోనో ఏమరుపాటులోనో గడచిన గంట పెట్టె ఖాళీగా నుండును. వర్తకుడు లాభము రాదగినచోట రాబట్టుకొనలేక పోయినప్పుడు పడు బాధవంటిది ఆ మూడవ పెట్టెను చూచినవాడు పడు బాధ. పాపము చేయకుండుట చాలును, ఊరక యుండుట దోషము కాదు అనుకొను సామాన్య దృష్టిని ఈ ఖాళీ పెట్టె ఒక్క దెబ్బతో కూల్చుచున్నది. ఇచట చిట్టా యుపమానము సార్థకము.

కాని అదే యుపమానము తడబడు చోట్లును కలవు. ఒక ఉదాహరణ: షరతుల ఘట్టమున మూలధనము ఆయుర్దాయము, ప్రతి శ్వాసయు వెలలేని రత్నము. లెక్క చూచు ఘట్టమునకు వచ్చుసరికి మూలధనము విధ్యుక్త కర్మలు, లాభము అదనముగా చేసిన సత్కార్యములు, నష్టము పాపములు. ఒకే వ్యాపారమునకు రెండు మూలధనములు! దీనిని గ్రంథకర్త ఏమరుపాటని త్రోసివేయరాదు. ఆయుర్దాయమును లెక్కించినచో ఖాళీ గంట నష్టమగును. విధులను మాత్రమే లెక్కించినచో అది నష్టము కాకపోవచ్చును. ధర్మశాస్త్రజ్ఞుడు, సూఫీ ఇరువురును గజాలీ యందే యున్నారు. వారిరువురి చిట్టాలు వేరు. ప్రకరణమున ఆ రెండును పక్కపక్కనే యున్నవి, ఏకము కాలేదు.

మరియొక ఉదాహరణ తౌబా ఇబ్నుస్సిమ్మ యను సాధువు కథ. అతడు ఒకనాడు తన వయస్సు అరువది సంవత్సరములుగా లెక్కించి, దానిని దినములుగా మార్చగా 21,500 వచ్చెనట. రోజునకు ఒక్క పాపమైనను ఇన్ని పాపములతో ప్రభువును ఎట్లు దర్శింతును, నిజమునకు దినదినమును వేల పాపములు గదా యని విలపించి అతడు ప్రాణము విడిచెనట. గణితముగా చూచినచో ఈ సంఖ్య పొసగదు. అరువది చాంద్రమాన సంవత్సరములకు సుమారు 21,240 దినములు. సౌరమానమున సుమారు 21,900. కాని కథ నిలుచుట కూడికపై కాదు, కూడిక ఆగిపోయిన చోట. లెక్క పూర్తిచేయుట అసాధ్యమని తెలిసిన క్షణమే ఆ సాధువునకు నిజమైన లెక్క.

ఇచట ప్రధానాక్షేపమును పరిశీలింపవలెను. ఇది వ్యాపారమతమనియు, పుణ్యమును నాణెములవలె ఎంచుకొను ధోరణి యనియు కొందరందురు. ఖురానులోని వర్తక పరిభాషను చార్లెస్ టోరీ 1892లో ప్రత్యేక గ్రంథమున పరిశీలించిన పిదప ఈ యాక్షేపమునకు పాండిత్యపు ఊతయు దొరకినది. మక్కా వర్తకనగరమగుటచే పరిభాష అట్లున్నదనుట సత్యమే. కాని పరిభాషనుబట్టి భావమును తేల్చుట విమర్శకు చాలదు. గజాలీ మురాఖబ ఘట్టమున ప్రతి చేష్టకును మూడు ప్రశ్నలు వేసెను: ఎందుకు, ఎట్లు, ఎవరి కొరకు? మొదటి రెంటికి చిట్టాలో చోటున్నది. మూడవదానికి ఏ చిట్టాలోను గడి లేదు. దానము చేసినవాడు ఎంత ఇచ్చెనో వ్రాయవచ్చును; ఎవరు చూడవలెనని ఇచ్చెనో సంఖ్యగా వ్రాయుట కుదరదు.

ముహాసిబీ ప్రజ్ఞ వెల్లడియగునది ఈ మూడవ ప్రశ్నయందే. రియా, అనగా ఇతరుల మెప్పునకై చేయు ధర్మము, ఎన్ని వేషములలో వచ్చునో అతడు సూక్ష్మముగా వివరించెను. దీనికి తోడుగా 'ఉజ్బ్' అను ఆత్మశ్లాఘ కలదు. లోకములోని వర్తకునకు లాభము ప్రమాదకరము కాదు. ముహాసబ చేయువానికి మాత్రము లాభమే మొదటి ప్రమాదము. నేడు నా లెక్క బాగుగా నున్నదని సంతసించిన మరుక్షణమే ఆ లెక్క చెడును. అంతేకాదు, లోకమున లెక్క అడుగువాడు వేరు, చెప్పువాడు వేరు. ఇచట లెక్క వ్రాయువాడు, తనిఖీ చేయువాడు, నేరస్థుడు ఒకే దేహమున నున్నారు. నఫ్సు మోసకారియగు భాగస్వామి యని గజాలీయే హెచ్చరించుచుండ, దాని సాక్ష్యమును ఎట్లు నమ్మవలెను? చిట్టా యుపమానములో దీనికి సమాధానము దొరకదు.

దండన ఘట్టముపై కూడ విమర్శ అవసరము. సామూహిక నమాజు తప్పినందులకు రాత్రియంతయు జాగరణ చేయుట, విలువైన భూమిని దానమిచ్చుట వంటి యుదాహరణములతోపాటు, చేతిని నిప్పులో నుంచిన భక్తుని కథవంటివియు గజాలీ చేర్చెను. ఇబ్నుల్ జౌజీ (మరణము 1201) తన 'తల్బీసు ఇబ్లీస్' గ్రంథమున ఇట్టి కథలను తీవ్రముగా ఖండించెను. దేహమును హింసించుకొనుటకు ధర్మశాస్త్రము అనుమతింపదనుట అతని వాదసారము. ఈ విషయమున అతని పక్షమే బలవత్తరమని నా యభిప్రాయము. పై రెండు విధముల దండనలకు గల భేదమును గజాలీ స్పష్టము చేయలేదు. భూమిని దానమిచ్చిన దండనవలన మరియొకని ఆకలి తీరినది. చేయి కాల్చుకొనుటవలన ఎవరికిని మేలు కలుగలేదు. ఆత్మశోధన ఇతరుల హక్కులను మరచినప్పుడు తనలో తాను ముడుచుకొని పోవుననుటకు ఈ రెండవదియే నిదర్శనము.

అట్లని గజాలీ సాటి మనుష్యుని మరచెననుట న్యాయము కాదు. ఇహ్యాలోనే పశ్చాత్తాపమునకు కేటాయించిన ముప్పదియొకటవ ప్రకరణమున, ఇతరుల సొత్తు అపహరించినవాడు దానిని తిరిగి ఇచ్చుకొనవలెననియు, బాధపెట్టినవాడు క్షమాపణ వేడవలెననియు అతడు విధించెను. దేవుని హక్కులు, దాసుల హక్కులు అను విభాగము ఇస్లామీయ ధర్మమున ప్రసిద్ధము. పొరుగువానికి చేసిన అన్యాయము ఒంటరిగా కార్చిన కన్నీటితో తీరదు. కావున ముప్పదియెనిమిదవ ప్రకరణమును ముప్పదియొకటవదానితో కలిపి చదువవలెను. విడిగా చదివినచో ముహాసబ గదిలో కూర్చుండి చేయు సాధనగా మాత్రమే తోచును. అంగళ్ళ తూకములను, కొలతలను పరీక్షించు అధికారికి 'ముహ్తసిబ్' అను పేరు ఈ ధాతువునుండియే వచ్చుట యిచట స్మరింపదగినది. వీధిలోని త్రాసును, లోపలి త్రాసును ఒకే మాట కలుపుచున్నది.

తెలుగు విద్యార్థులకు సంబంధించిన అనువాదసమస్య యొకటి మిగిలియున్నది. 'ముహాసబతున్నఫ్స్' అనుదానిని ఆత్మపరీక్ష, ఆత్మవిమర్శ అని తెలిగించుట సహజము. ఈ వ్యాసముననే ఆత్మశోధన యను మాట వాడితిని. కాని వేదాంతపరిభాషలో ఆత్మ సాక్షి, నిర్లేపము. దానికి పరీక్షయు లేదు, దోషమును లేదు. నఫ్సు అట్టిది కాదు. చెడును ప్రేరేపించునదియు అదే, తన్ను నిందించుకొనునదియు అదే, చివరకు శాంతించునదియు అదే. ఈ మూడవస్థలును ఖురానున పేర్కొనబడినవి. మనస్సు అన్నచో కొంత, అహంకారము అన్నచో కొంత మాత్రమే వచ్చును. ఆత్మ యను పదమును నిస్సంకోచముగా వాడినచో, పరీక్షకునకు పెట్టవలసిన పేరును పరీక్షింపబడువానికి పెట్టినవారమగుదుము. కావున సాంకేతిక చర్చలో నఫ్సు అను పదమునే నిలుపుకొనుట మేలు.

తుదకు మొదటి ప్రశ్నకు వత్తము. చిట్టా యుపమానము చాలదని గజాలీ స్పష్టముగా చెప్పలేదు. కాని ప్రకరణనిర్మాణము చెప్పుచున్నది. షరతుతోను లెక్కతోను ప్రారంభమైన గ్రంథము అంకెలతో ముగియలేదు, సంభాషణతో ముగిసినది. కడపటి ముఆతబ ఘట్టమున భాగస్వామి, మూలధనము, లాభము వెనుకబడిపోయి, నఫ్సును ఎదుట నిలిపి నీవు అని పిలిచి దీర్ఘముగా మందలించు కంఠము మాత్రమే మిగిలినది. లెక్కవలన తెలిసినది ఎంత తప్పిపోతినో యను విషయము, మరల్చగలిగినది పిలుపు. మోసకారియగు సాక్షిని ఎట్లు నమ్మవలెనను ప్రశ్నకు గజాలీ యిచ్చిన ప్రత్యుత్తరము ఇదియేనని నా తలంపు: దాని వాంగ్మూలమును తుదిమాటగా గ్రహింపక, దానితో మాటలాడుట మానకుండుట. ప్రతి ఉదయమును మరల షరతు వ్రాయవలసి వచ్చుటలోనే ఏ సాయంకాలపు లెక్కయు తుదిలెక్క కాదను అంగీకారమున్నది. తుదిలెక్క చూచువాడు వేరొకడున్నాడను విశ్వాసమే ఈ దైనందిన సాధనకు ఆధారము. ఆ విశ్వాసమును తొలగించి చదివినచో ముహాసబ కేవలము దినచర్య వ్రాసికొను అలవాటుగా మిగులును.