గిన్నెలు ఎవరు తోముతున్నారు?

థిక్ నాట్ హన్ రాసిన ‘ది మిరకిల్ ఆఫ్ మైండ్‌ఫుల్‌నెస్’ మొదటిసారి చదివినప్పుడు నేను హాల్లో కుర్చీలో ఉన్నాను. వంటింట్లో అమ్మ గిన్నెలు తోముతోంది. గిన్నెలు కడుగుతున్నప్పుడు తర్వాత తాగబోయే టీ గురించి కాకుండా, కడగడం మీదే ధ్యాస పెట్టమంటాడాయన. అక్కడ పెన్సిల్‌తో గీత గీసుకుని, వెళ్ళి అమ్మకి చెప్పాను. “బానే చెప్పాడురా. ఇలా వచ్చి ఆ మూకుడు తోము” అంది.

నేను తోమలేదు. కానీ ఆ మాట గుచ్చుకుంది. ఎప్పుడో ఒకసారి సరదాగా తోమేవాడికి అది ధ్యానం కావచ్చు. మూడుపూటలా తప్పనివాళ్ళకి అది చాకిరీ. ఈ తేడా రచయితకి తెలియదని చాలాకాలం అనుకున్నాను.

ఈమధ్య మళ్ళీ చదివితే నా తప్పు కొంత తెలిసింది. ఆయన చిన్నప్పుడు హ్యూ నగరంలోని తు హియు ఆశ్రమంలో శిష్యుడిగా ఉన్నాడు. కొన్ని రోజుల్లో ఇద్దరు కుర్రాళ్ళే వందమందికి పైగా భిక్షువులకి వండి, గిన్నెలన్నీ కడగాలి. సబ్బు లేదు, బూడిద, ఊక, కొబ్బరిపీచు. చలికాలంలో నీళ్ళు గడ్డకట్టేంత చల్లగా ఉండేవి. మా అమ్మమ్మ ఇంట్లో కూడా బూడిద, కొబ్బరిపీచే! అంటే ఈయన కుర్చీలోంచి మాట్లాడటం లేదు.

పైగా ఇది 1974లో ఫ్రాన్స్‌లో ప్రవాసంలో ఉండి, దక్షిణ వియత్నాంలోని ఒక కార్యకర్తకి రాసిన పొడవాటి ఉత్తరం. బాంబులు పడిన పల్లెల్ని మళ్ళీ నిలబెట్టే పని వాళ్ళది. వాళ్ళలో కొందరిని చంపేశారు కూడా. అలాంటివాళ్ళకి శ్వాస గమనించమని చెప్పడం, భయంలోనూ కోపంలోనూ కొట్టుకుపోకుండా పని చెయ్యడానికి. ఆఫీసు ఒత్తిడికి చిట్కాగా దాన్ని చదివింది నాలాంటివాళ్ళం.

అయినా ఒక వెలితి ఉంది. పుస్తకం మొదట్లోనే అలెన్ అనే స్నేహితుడు వస్తాడు. కొడుకుతో, భార్యతో గడిపే సమయాన్ని కూడా తన సమయమే అనుకోవడం మొదలుపెట్టాక తనకి కావలసినంత సమయం దొరికిందంటాడు. మంచి మాటే. చంటిబిడ్డ తల్లి, ఆయన భార్య స్యూకి ఎంత సమయం దొరికిందో మాత్రం ఆమె నోట మనం వినం. పని మీద ధ్యాస ఎలా పెట్టాలో ఇంత ఓపిగ్గా చెప్పిన పుస్తకం, పని ఎవరి వంతు అన్న ప్రశ్న దగ్గర ఆగదు. ఆ ప్రశ్న మా అమ్మ అడిగింది.

ఇప్పుడు రాత్రిపూట గిన్నెలు నావి. ధ్యాస నిలిచేది తక్కువ; మూకుడు మాడిన చోట మాత్రం కాసేపు నిలుస్తుంది. “పరధ్యానంగా తోమకు, అడుగున జిడ్డు ఉండిపోతుంది” అని హాల్లోంచి కేకేస్తుంది అమ్మ. కుర్చీలో ఇప్పుడు ఆవిడ ఉంటుంది.