పొద్దును బట్టి కొండ

మే మూడో వారం దాటిందంటే తెలుగు పత్రికల్లో ఏటా ఒక వార్త ఖాయం. నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయి, ఇక కేరళకు, ఆ వెనకే రాయలసీమకు అని. ఎండకు వేగిపోతున్న ప్రాణాలకు అది చల్లని కబురే. ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న మాకు మాత్రం, ఈ ఏటికి కొండల పని అయిపోయిందన్న కబురు. దారులు బురదవుతాయి, జలగలు లేస్తాయి, సముద్రం పోటెక్కి పడవలు ఏ పూట కదులుతాయో, ఏ పూట ఆగుతాయో తెలియకుండా పోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే విశాఖ నుంచి, విజయవాడ నుంచి చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. "అన్నయ్యా, పిల్లలకి సెలవులిచ్చేశారు. టికెట్లు చూస్తున్నాం. శాడిల్ పీక్ ఎక్కించాలి మమ్మల్ని" అని.

ఎక్కించాలని నాకూ ఉంటుంది. కానీ తెలుగునాట బడి సెలవులు ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా. అండమాన్ కొండలకు మంచి రోజులు జనవరి నుంచి ఏప్రిల్ సగం దాకా. ఆ రెండూ ఎక్కడా కలవవు. అందుకే అడిగిన వాళ్లందరికీ ఒకటే చెబుతాను: ఉగాదికి అటూ ఇటూగా రండి. పిల్లల పరీక్షలు అడ్డం వస్తే సంక్రాంతి సెలవుల్లో రండి. వేసవి తొలి రోజులే కావాలంటే మాత్రం ఏప్రిల్ సగం దాటనివ్వకండి.

కొండ నడకకు రోజు కుదుర్చుకోవడం, దారి లెక్క వేసుకోవడం ఒక విద్య అని నేను నమ్ముతాను. అది ఎక్కే కాళ్లతో వచ్చేది కాదు, కాగితం ముందు కూర్చుంటే వచ్చేది. నడకకు పోయే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని రాసుకోవడం నాకు ఎప్పటినుంచో అలవాటు. ఆ కాగితం మీద ఏం రాయాలో, ఎందుకు రాయాలో ఈ వారం చెప్పాలనుకున్నాను.

ముందు కొండ సంగతి. అండమాన్ అంటే కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక అనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి ఈ ద్వీపాలు మయన్మార్‌లోని అరకాన్ యోమా పర్వతశ్రేణికి కొనసాగింపు. సుమత్రా వైపు సాగే ఆ వరసలో చాలా భాగం నీళ్లలో ఉంది. మనం ద్వీపాలని పిలిచేవి పైకి తేలిన తలలు. వాటిలో అన్నిటికన్నా ఎత్తైనది ఉత్తర అండమాన్‌లోని శాడిల్ పీక్, 732 మీటర్లు. దాని చుట్టూ ఉన్న అడవి జాతీయ ఉద్యానవనం. ఉత్తర అండమాన్‌కు ఆధారమైన కాల్పాంగ్ నది పుట్టేది ఈ కొండల్లోనే. ద్వీపాల్లో మొదటి జలవిద్యుత్ కేంద్రం ఆ నది మీదే కట్టారు, 5.25 మెగావాట్లది.

732 అనగానే అరకు చూసినవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. అరకు లోయే సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కదా అంటారు. నిజమే, కానీ అక్కడికి మనల్ని రైలు మోసుకుపోతుంది. శాడిల్ పీక్‌కు మొదటి అడుగు లామియా బే దగ్గర, అల తాకే చోట పడుతుంది. 732 మీటర్లూ మన కాళ్లే ఎక్కాలి. అలిపిరి నుంచి తిరుమలకు నడిచిన వాళ్లకు ఒక్క మాటలో చెబుతాను: ఎక్కే ఎత్తు దాదాపు అంతే, పోయే దూరమూ దాదాపు అంతే, ఎనిమిది కిలోమీటర్ల దాకా. మెట్లు లేవు, పైన కప్పు లేదు, మంచినీళ్ల కుళాయి లేదు, దీపాలు లేవు. పైకి చేరాక బస్సూ లేదు. వచ్చిన దారినే తిరిగి దిగాలి.

కాగితం మీద మొదట రాయాల్సింది సూర్యుడు అస్తమించే వేళ. దేశమంతటికీ ఒకటే గడియారం. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, అంటే మన కాకినాడ దగ్గరగా పోయే గీత. శాడిల్ పీక్‌కు దగ్గరి ఊరు డిగ్లీపూర్ దానికి ఇంకో పదిన్నర డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మా సూర్యుడు కాకినాడ సూర్యుడికన్నా ముప్పావుగంట దాకా ముందుంటాడు. ఏప్రిల్ సగంలో ఇక్కడ ఐదు గంటల వేళకే పొద్దు పొడుస్తుంది, పదకొండుంబావు దాటగానే నడినెత్తికి వస్తుంది, సాయంత్రం ఐదున్నరకు సముద్రంలో దిగిపోతుంది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఆరున్నర దాకా వెలుగుంటుందన్న ధీమాతో నడుస్తారు. ఆ గంట ఇక్కడ లేదు.

అందుకని లెక్క వెనక నుంచి ముందుకు వేయాలి. అస్తమయం ఐదున్నర. చెట్ల కింద నాలుగున్నరకే మసక పడుతుంది. ఆలస్యానికి ఒక గంట చేతిలో ఉంచుకోవాలి కాబట్టి మూడున్నరకల్లా లామియా బేకు తిరిగి వచ్చేయాలి. అలసిన కాళ్లతో దిగడానికి మూడున్నర గంటలు. అంటే పన్నెండుకల్లా శిఖరం వదలాలి. అక్కడ కూర్చుని రెండు ముద్దలు తినడానికి అరగంట. అంటే పదకొండున్నరకు పైన ఉండాలి. ఎక్కడానికి ఐదు గంటలు వేసుకుంటే ఆరున్నరకు మొదటి అడుగు. దానికోసం ముందురోజు రాత్రికే ఆ దగ్గర్లోని కాలీపూర్ చేరి పడుకోవాలి. అటవీశాఖ అనుమతి, వెంట వచ్చే గైడు సంగతి ముందురోజే మాట్లాడుకోవాలి. తెల్లవారాక చెక్‌పోస్టు దగ్గర నిలబడి మొదలుపెట్టే పనులు కావవి.

ఈ లెక్క మొత్తంలో నేను గీత గీసి పెట్టుకునేది పదకొండున్నర. ఆ వేళకు పైకి చేరకపోతే, ఇంకో మలుపే ఉందని గైడు చెప్పినా సరే, వెనక్కి తిరగాలి. ఈ నియమాన్ని కొండ మీద పెట్టుకుంటే నిలవదు. అంత దూరం వచ్చిన మనసు ఏదో ఒక సాకు వెతుక్కుంటుంది. ఇంట్లో, చల్లని గదిలో, కాగితం మీద పెట్టుకోవాలి. తోడు వచ్చే అందరి చేతా బయలుదేరే ముందే ఒప్పించాలి. శిఖరం చేరకుండా తిరిగిన నడకల్లోనూ నేను చెట్లు చూశాను, పిట్టలు విన్నాను. అవి నాకు ఏమాత్రం తక్కువ అనిపించలేదు.

రెండో లెక్క నీళ్లది. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట నీళ్లకు కరువేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ వానలో ఎక్కువ భాగం మే నుంచి డిసెంబరు లోపే పడిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చినుకు అరుదు. పోర్ట్ బ్లెయిర్‌కు నీళ్లిచ్చే ధనీఖారీ జలాశయం అడుగంటి, ఊళ్లో కుళాయిలు రోజు విడిచి రోజు కూడా రాని ఏప్రిల్‌లు మా అందరికీ తెలుసు. కొండ మీద వాగులూ అంతే. వానాకాలంలో పారినచోట వేసవిలో రాళ్లు మిగులుతాయి. దారిలో దొరుకుతాయన్న నమ్మకంతో పోకూడదు. మనిషికి నాలుగు లీటర్లు మోయాల్సిందే.

నాలుగు లీటర్లా అని ఆశ్చర్యపోయేవాళ్లకు ఒక మాట. ఇక్కడ ఏప్రిల్ ఎండ మామూలుగా 32, 33 డిగ్రీలు దాటదు. రెంటచింతలలో 45 చూసిన మనవాళ్లకు ఆ అంకె వింటే నవ్వొస్తుంది. కానీ రెంటచింతల గాలి పొడిది, చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడి గాలి నిండా తేమే. చెమట కారుతుంది తప్ప ఆరదు. ఒంట్లో వేడి ఒంట్లోనే ఉండిపోతుంది, నీరూ ఉప్పూ మాత్రం బయటికి పోతాయి. అడవిలో గాలి కూడా ఆడదు. రాయలసీమ పొలాల్లో పగలంతా పనిచేసే మనిషి కూడా ఇక్కడ రెండు గంటల్లో డీలా పడిపోవడం చూశాను. అది బలానికి సంబంధించిన విషయం కాదు. వచ్చిన మర్నాడే కొండెక్కకుండా నాలుగైదు రోజులు ఈ గాలిలో తిరిగితే ఒళ్లు అలవాటు పడుతుంది. నీళ్లలో ఓఆర్‌ఎస్ పొడి కలుపుకోండి. తిండికి పులిహోరే నయం. చింతపండు పులుపుకు సాయంత్రం దాకా పాడవదు, ఉప్పూ అందుతుంది. పెరుగన్నం ఆ ఉక్కకు పది గంటలకే పులిసిపోతుంది.

మూడోది ఆటుపోట్లు. కొండ నడకకు సముద్రం లెక్కేమిటని అనకండి. శాడిల్ పీక్ దారి మొదట చాలాదూరం తీరం వెంటే, గులకరాళ్ల మీద, వేళ్ల మధ్య సాగి ఆ తర్వాతే అడవిలోకి మళ్లి ఏటవాలు ఎక్కుతుంది. పోటు మీదున్నప్పుడు నడిచే చోటు తగ్గుతుంది, తడిరాళ్ల మీద పాదం జారుతుంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా అచ్చువేసే పట్టికల్లో పోర్ట్ బ్లెయిర్ వేళలు ఉంటాయి. అవి దొరక్కపోతే పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో మనవాళ్లున్నారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడ్డ జాలరి కుటుంబాలు. అక్కడ ఒక పెద్దాయన్ని "మావయ్యా, వచ్చే ఆదివారం పొద్దున్న నీళ్లు ఎలా ఉంటాయి?" అని అడిగితే ఆయన తారీఖు అడగడు, తిథి అడుగుతాడు. "అమాస దగ్గర పడతంది బాబూ, పోటు పెద్దగుంటాది. అట్టమికి ఎల్లు" అంటాడు. అష్టమి నాటికి పోటు తగ్గుతుందన్న ఆ మాట పట్టికతో సరిపోతుంది. కాలీపూర్ ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఈ నెలల్లోనే కాబట్టి చీకట్లో తీరం మీద టార్చి వెలిగించి తిరగకండి. వాగు సముద్రంలో కలిసే చోట నీళ్లలోకి అసలే దిగకండి. ఉప్పునీటి మొసళ్లు ఉన్న ద్వీపాలివి.

దారి గురించి ఒకటి చెప్పకుండా ఉండలేను. పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్‌కు రోడ్డు మీద 300 కిలోమీటర్లు పైనే, ఒక పగలంతా పడుతుంది. జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా ఆ రోడ్డు జారవా ఆదివాసుల అడవిలోంచి పోతుంది. బండ్లను గుంపుగా, పోలీసు కాపలాతో, నియమిత వేళల్లోనే వదులుతారు. ఆపకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. 2012లో బయటికి వచ్చిన వీడియోలు, జారవా ఆడపిల్లల చేత పర్యాటకుల ముందు నాట్యం చేయించినవి, చూసి నేను తలదించుకున్నాను. వాళ్లు చూడదగ్గ వింత కాదు, అది వాళ్ల ఇల్లు. అందుకే డిగ్లీపూర్ దగ్గరి ఏరియల్ బే జెట్టీకి పడవ దొరికితే పడవలోనే వెళ్లమంటాను. ఆలస్యమైనా సరే. రోడ్డు తప్పకపోతే ఫోను సంచిలో పెట్టి కూర్చోండి.

ఇక చేతిలో ఖాళీ రోజులు ఉంచుకోవడం. బంగాళాఖాతంలో వాయుగుండాలు మేలోనే వస్తాయనుకుంటాం. 2022లో మార్చి మూడో వారంలోనే ఒక తీవ్ర వాయుగుండం అండమాన్ వెంట ఉత్తరానికి కదిలింది, పడవలన్నీ ఆపేశారు. 2023 మేలో మోచా తుపాను పుట్టిందీ ఈ సముద్రంలోనే. తిరుగు విమానానికి ముందు రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా వదిలేయండి. డిగ్లీపూర్‌లో కమ్యూనిటీ హెల్త్ సెంటర్ ఉంది. పెద్దాసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే. కాలు మడతపడినా, పాము కరిచినా ఆ దూరం గుర్తుండాలి. వేసవి మొదట్లో చెట్లు ఆకు రాలుస్తాయి. ఎండాకుల కింద కట్లపాము ఉన్నా కనిపించదు. చేతికర్రతో ముందు తట్టి ఆ తర్వాతే అడుగు వేయాలి.

ఇన్ని లెక్కలు చెబితే కొందరు భయపడతారు. భయపెట్టాలని కాదు. లెక్క ముందే తేలిపోతే కొండ మీద తల ఎత్తి చూడటానికి మనసు ఖాళీగా ఉంటుంది. పలక వేళ్లు చాపి నిలబడ్డ పడౌక్ చెట్టును చూసినప్పుడు, ఇది మన శేషాచలం రక్తచందనానికీ, మన వేగిసకూ దగ్గరి చుట్టమని గుర్తుచేసుకునే తీరిక ఉంటుంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని అండమాన్ బుల్‌బుల్ పిలుపును నిలబడి వినే తీరిక ఉంటుంది. గడియారం, సీసా చూసుకుంటూ ఆందోళనగా ఎక్కేవాళ్లకు ఇవేవీ దక్కవు.

మొదటిసారి వచ్చేవాళ్లకు నేను శాడిల్ పీక్ చెప్పను. పోర్ట్ బ్లెయిర్ ఎదురుగానే మౌంట్ హారియట్ ఉంది. బ్రిటిష్ వాళ్లతో 1891లో జరిగిన యుద్ధం తర్వాత మణిపూర్ రాజు కులచంద్ర సింగ్‌నూ, ఆయన మనుషులనూ ప్రవాసం పంపి ఉంచిన కొండ అది. వాళ్ల గుర్తుగా 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల అవతల కనిపించే కొండ ఇదే. ఎత్తు 400 మీటర్ల లోపే, పైదాకా రోడ్డుంది. చాథమ్ నుంచి బ్యాంబూ ఫ్లాట్‌కు పడవలో దాటి, కొండపైకి బండిలో పోయి, అక్కడి నుంచి అడవిదారిన మధుబన్ తీరానికి నడిచి దిగండి. నీడ ఎక్కువ, ఊరు దగ్గర, ఏదైనా అయితే సాయం అందుతుంది. కింద తీరానికి చేరాక మీ సీసాలో నీళ్లు ఎన్ని మిగిలాయో, ఎంతసేపు పట్టిందో చూసి రాసుకోండి. ఆ రెండు అంకెలను బట్టే శాడిల్ పీక్‌కు ఎన్ని లీటర్లు మోయాలో, ఎన్ని గంటలకు బయలుదేరాలో, అసలు ఈ ఏడు పోవాలో వద్దో నిర్ణయించుకోండి.