నీళ్లతో తవ్విన ఊరు

పురావస్తు తవ్వకాలంటే పారలు, తాపీలే గుర్తొస్తాయి. అమెరికా వాయవ్య కొసన, పసిఫిక్ తీరంలోని ఓజెట్‌లో మాత్రం పని నడిపించింది నీళ్ల గొట్టం.

అక్కడ మకా తెగవారి ఇళ్లు కొన్ని శతాబ్దాల కిందట కొండచరియ విరిగిపడి బురదలో కూరుకుపోయాయి. 1970లో తుఫాను అలలు గట్టును కోసేస్తే చెక్క సామాన్లు బయటపడ్డాయి. దొరికింది దొరికినట్టు పట్టుకుపోయేవాళ్లూ తయారయ్యారు. తెగ నాయకుడు ఎడ్ క్లాప్లన్‌హూ, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు రిచర్డ్ డాఘర్టీకి కబురు పెట్టారు. అలా మొదలైన పని 1981 దాకా సాగింది.

నానిన చెక్కకు ఇనుము తగిలితే గీత పడుతుంది. అందుకే నీళ్లు తోడి, గట్టి మట్టిని జోరు ధారతో కరిగించి, బుట్టలూ చాపలూ ఉన్నచోట సన్నటి జల్లుతో కడిగేవారు. తీసిన చెక్క ఆరితే పగిలిపోతుంది కనుక పాలిథిలిన్ గ్లైకాల్‌లో నానబెట్టేవారు. తిమింగలం రెక్క ఆకారంలో చెక్కి, 700కు పైగా నీటికుక్క పళ్లు పొదిగిన సీడర్ శిల్పం అలాగే దక్కింది.

ఈ పనిలో మకా యువకులు చెయ్యి కలిపారు. ఏ వస్తువు దేనికో పోల్చి చెప్పడంలో తెగ పెద్దలు తోడ్పడ్డారు. పుస్తకాల చదువుకు ఇంటి జ్ఞాపకం జతపడింది.

దొరికిన 55,000 పైచిలుకు వస్తువులు దూరపు నగరాలకు తరలిపోలేదు. 1979లో నియా బేలో తెగ సొంతంగా తెరిచిన మ్యూజియంలో వాటిలో కొన్నింటిని చూడొచ్చు. తవ్వకం నిజాయితీకి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.