చెమట చెప్పే కబురు

స్పర్శ లేని చోట ఏం జరిగినా బాధ ఉండదు కదా అంటారు చాలామంది. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు అసలు చిక్కు అక్కడే. బాధ తెలియదు కానీ, బాధపెట్టేది మాత్రం అక్కడే ఉండి తన పని తాను చేసుకుపోతుంది.

నాకు దెబ్బ తగిలింది ఛాతీ భాగంలోని నాలుగో వెన్నుపూస దగ్గర. రొమ్ము మీద అడ్డంగా గీత గీస్తే, దాని పైన చీమ కుట్టినా తెలుస్తుంది, కింద కాలు కాలినా తెలియదు. అలాగని ఆ కింది భాగం మూగపోలేదు. నొప్పి నడిచే దారి మూసుకుపోయింది కాబట్టి చుట్టుదారిన కబురు పంపుతుంది. దాన్ని పోల్చుకోవడమే నా రోజువారీ సాధన.

అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది చెమట గురించి. చల్లటి గదిలో కూర్చున్నా ఉన్నట్టుండి నుదురంతా చెమట పడుతుంది. ముఖం, మెడ ఎర్రబడతాయి, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి, తల పగిలిపోతున్నట్టు నొప్పి. నా విషయంలో చాలాసార్లు దానికి అర్థం ఒక్కటే: మూత్రాశయం నిండింది, మూత్రం పోయే గొట్టం ఎక్కడో మడతపడింది. మలబద్ధకం, గోరుచుట్టు, బిగుతు బెల్టు కూడా ఇదే పని చేయగలవు.

లోపల జరిగేది ఇది. కింద ఏదైనా ఇబ్బంది మొదలైతే ఆ సంకేతం వెన్నుపాములోకి వస్తుంది, మెదడు దాకా పోలేదు. అయినా కింది భాగంలోని రక్తనాళాలను బిగించేస్తుంది. బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. మెదడు అది కనిపెట్టి గుండె వేగం తగ్గిస్తుంది, పై భాగంలో రక్తనాళాలను వదులు చేస్తుంది. కింది భాగానికి మాత్రం దాని మాట చేరదు. డాక్టర్లు దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస దగ్గరగానీ అంతకన్నా పైన గానీ దెబ్బ తగిలినవాళ్లలో ఎక్కువగా వస్తుంది. పట్టించుకోకపోతే మెదడులో రక్తస్రావం దాకా పోవచ్చు.

మాలాంటివాళ్లకు బీపీ పై అంకె మామూలుగా 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. మాకు 140 అంటే ప్రమాదం. ఓసారి క్యాజువాలిటీలో ‘నూట నలభైయేగా, కంగారుపడకండి’ అంటూ నన్ను వెల్లకిలా పడుకోబెట్టబోయారు. పడుకోబెడితే బీపీ ఇంకా పెరుగుతుంది. మా తమ్ముడు ఒప్పుకోలేదు. నన్ను కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడేసి, బట్టలు వదులు చేసి, ముందు గొట్టం చూడమన్నాడు. గొట్టం మార్చాక కాసేపటికే బీపీ దిగింది. ఆరోజు నన్ను కాపాడింది వాడికి ముందే తెలిసి ఉండటం.

రెండోది చర్మం. రోజూ రాత్రి పొడుగు పిడి అద్దం పట్టుకుని పిరుదులు, నడుం కింది ఎముక, మడమలు చూసుకుంటాను. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదిలినప్పుడు అది తెల్లబడకపోతే పుండు మొదలవుతోందన్నమాట. ఆ చోటు మీద ఇక బరువు మోపకూడదు. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు తేలిగ్గా కనపడదు. అందుకే చేత్తో తడిమి చూడాలి: చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, గట్టిపడిందా, రంగు ముదిరిందా?

కాళ్లు రోజూకన్నా ఎక్కువగా బిగుసుకుపోతుంటే, జ్వరం రాకముందే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమోనని చూపించుకుంటాను. ఒక్క కాలే వాచిందంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, తెలియకుండా ఎముక విరిగీ ఉండవచ్చు. బాగున్న చేతికి ఏళ్ల తర్వాత తిమ్మిరి మొదలైతే వయసు మీదికి నెట్టేయకూడదు. వెన్నుపాములో నీటితిత్తి ఏర్పడిందేమో ఎమ్మారైలో చూడాలి. ఇక రోహిణీ కార్తెలో, దెబ్బ కింది భాగానికి చెమటపట్టదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. తడిగుడ్డే దిక్కు.

ఒకప్పుడు మాలాంటివాళ్లు ఎక్కువగా పడక పుండ్లతో, మూత్రపిండాల ఇన్ఫెక్షన్లతోనే పోయేవారు. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టర్ రోగులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పించాడు. చర్మాన్నీ మూత్రాన్నీ విడవకుండా గమనించే పద్ధతి పెట్టాడు. ఎంతో మంది బతికి బట్టకట్టారు. తెగిన నరాలను ఆయన అతికించలేదు. చూడటం నేర్పాడు, అంతే.

తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు, బైకు మీంచి పడ్డ కుర్రాడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో మందుల చీటీ ఉంటుంది. డాక్టర్లారా, దాంతోపాటు పెద్దక్షరాల తెలుగులో ఒక కాగితం ఇవ్వండి: చెమట పడితే ఏం చేయాలో, మచ్చ కనిపిస్తే ఏం చేయాలో, కాలు వాస్తే ఎక్కడికి పరిగెత్తాలో. పంపే ముందు ఇంట్లోవాళ్ల చేత ఒకసారి అన్నీ చేయించి చూడండి. ఖర్చులేని వైద్యం ఇది. మనం ఇంకా అందరికీ అందించనిదీ ఇదే.