మెనూ ఎందుకు ఆగుతుంది?

సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారులో విడిభాగాలు కూర్పించి తెచ్చుకున్న మా మొదటి కంప్యూటర్లో విండోస్ 98 ఉండేది. ఓ సెలవు రోజు ఊసుపోక దాని సీడీలోని ఫోల్డర్లన్నీ తెరిచి చూశాను. టూల్స్‌లో రెస్‌కిట్, రెస్‌కిట్‌లో పవర్‌టాయ్. అక్కడున్న ట్వీక్‌యూఐ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కాను. కంట్రోల్ ప్యానెల్లో కొత్త బొమ్మ ఒకటి చేరింది.

పెరటి తలుపు దొరికినట్టయింది. షార్ట్‌కట్ బొమ్మల మీది బాణం గుర్తు తీసేయొచ్చు. సీడీ పెట్టగానే దానంతటదే మొదలవకుండా ఆపొచ్చు. క్లిక్ చేయకుండానే, మౌస్ ఏ విండో మీదుంటే అది మేల్కొనేలా చేయొచ్చు. ఇవేవీ ట్వీక్‌యూఐ కొత్తగా సృష్టించినవి కావు. విండోస్ లోపల, రిజిస్ట్రీ అనే పెద్ద చిట్టాలో అప్పటికే ఉన్నవే. మామూలు సెట్టింగుల్లో కనిపించవు, అంతే. విండోస్ 95 రోజుల్లో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లే ఉచితంగా పంచిన పవర్‌టాయ్స్‌లో ఇదొకటి. రాసింది రేమండ్ చెన్.

నా కన్ను ముందు మెనూ వేగం మీద పడింది. స్టార్ట్ నొక్కి ప్రోగ్రామ్స్ మీదికి వెళ్తే, పక్క మెనూ తెరుచుకునే ముందు చిన్న ఆగుడు ఉంటుంది. 400 మిల్లీసెకన్లు. అర సెకనైనా లేదు, కానీ నాకు అప్పట్లో అదీ ఎక్కువే. మీటను పూర్తిగా వేగం వైపు జరిపేశాను. మెనూలు చిటికెలో విచ్చుకున్నాయి.

సంబరం సాయంత్రం దాకా నిలవలేదు. పక్క మెనూలో కిందెక్కడో ఉన్నదాన్ని అందుకోవాలంటే మౌస్ ఏటవాలుగా వెళ్తుంది, దారిలో ఇంకో రెండు పేర్లను దాటుతుంది. గడువు సున్నా అయ్యేసరికి, అరుగు మీద కూర్చున్న వాళ్లంతా ‘నన్నేనా పిలిచింది?’ అని లేచినట్టు, దాటిన ప్రతి పేరూ తన మెనూ తెరిచేది. నాకు కావలసింది మూసుకుపోయేది. విండోస్ బద్ధకం అనుకున్నాను. అది మన చెయ్యి తిన్నగా పోదని తెలిసి ఇచ్చిన గడువు.

అంతటితో బుద్ధి వస్తే బాగుండేది. ట్వీక్‌యూఐ చాల్లేదని నేరుగా రిజిస్ట్రీలోకే దిగాను. ఒక విలువ మార్చబోయి, అది ఉన్న శాఖ మొత్తాన్ని డిలీట్ చేశాను. అక్కడ అన్‌డూ లేదు. మళ్లీ ఆన్ చేస్తే విండోస్ లేవలేదు.

“ఏం చేశావురా?”

“ఏం చేయలేదు నాన్నా, దానంతటదే ఆగిపోయింది.”

“ఊరకున్నంత ఉత్తమం లేదని ఊరికే అన్నారా!” అంటూ ఆయన పేపర్లో తల దూర్చారు. కంప్యూటర్ అమ్మిన కుర్రాడికి ఫోన్ చేశాను. డాస్‌లోకి వెళ్లి స్కాన్‌రెగ్ స్లాష్ రిస్టోర్ కొట్టమన్నాడు. విండోస్ 98 రిజిస్ట్రీకి రోజుకో నకలు తీసుకుని, చివరి ఐదింటిని దాచి ఉంచుతుందని అప్పుడే తెలిసింది. ముందు రోజుది ఎంచుకున్నాను. పోయిన ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ఒక నోట్‌బుక్ కొన్నాను. పేజీకి నాలుగు గడులు: తేదీ, మార్చింది, పాత విలువ, ఎందుకు మార్చాను. నాలుగో గడి చాలాసార్లు నా చేతిని ఆపింది. ‘ఊరికే’ అని రాయడానికి సిగ్గేసేది.

ఆ శాఖను ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుంటే చాలదా అని అడుగుతారు. చేయాల్సిందే. కానీ ఆ ఫైలును డబుల్ క్లిక్ చేస్తే పాత విలువలు తిరిగొస్తాయే గానీ, మనం కొత్తగా చేర్చినవి తొలగిపోవు. వాటిని వెతికి తీయాలంటే ఏం చేర్చామో గుర్తుండాలి. నోట్‌బుక్ అందుకే.

ట్వీక్‌యూఐ ఎక్స్‌పీతో ఆగిపోయింది. పవర్‌టాయ్స్ పేరు 2019లో ఓపెన్ సోర్స్‌గా మళ్లీ వచ్చింది. ఒక్క క్లిక్కుతో వంద మార్పులు చేస్తామనే పనిముట్లూ ఇప్పుడు బోలెడు. నేను వాటి జోలికి పోను. వంద మార్పులకు వంద కారణాలు నేను రాయలేను.

నా నోట్‌బుక్ మొదటి పేజీలో పాత విలువ గడిలో 400 అని ఉంటుంది. ఇప్పటి నా విండోస్ 11లోనూ అదే 400. దాన్ని నేను ముట్టుకోలేదు.