లోతట్టు లవణజలాల పుట్టుక: స్థిర ఐసోటోపుల సాక్ష్యం – విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అమెరికాలోని మిచిగన్ ప్రాంతపు లోతైన అవక్షేప శిలల్లోని నీటిలో అవి 300 గ్రాములను మించడం కద్దు. ఈ నీరు శిలలు ఏర్పడిననాడు చిక్కుకున్న సముద్రజలమేనని చాలాకాలం భావించారు. 1966లో క్లేటన్ బృందం ప్రచురించిన పరిశోధనపత్రం ఈ భావనను తోసిపుచ్చింది. ఆ పత్రంలోని సాక్ష్యం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. క్లేటన్ బృందం వాదం

నీటిలో ఆక్సిజన్-18, డ్యుటీరియం అనే భారమైన స్థిర ఐసోటోపులు స్వల్పంగా ఉంటాయి. వర్షజలాల్లో ఈ రెండింటి విలువలు దాదాపు ఒకే సరళరేఖపై ఉంటాయని 1961లో హార్మన్ క్రెయిగ్ చూపారు. శీతల ప్రాంతాల వర్షంలో ఈ విలువలు తక్కువ. ఇలినాయ్, మిచిగన్, అల్బర్టా, గల్ఫ్ తీర ప్రాంతాల లవణజలాలను పరీక్షించగా, ఒక్కో ప్రాంతపు విలువలు ఒక్కో రేఖగా ఏర్పడి ఆ ప్రాంతపు వర్షజలం విలువ వైపే సాగాయి. కాబట్టి నీరు ప్రధానంగా స్థానిక వర్షజలమేననీ, శిలలతో జరిగిన మార్పిడివల్ల ఆక్సిజన్-18 పెరిగిందనీ వారు నిర్ణయించారు. భిన్న శీతోష్ణస్థితులు గల ప్రాంతాలను సరిపోల్చడమే ఈ వాదానికి బలం.

3. వాద పరిమితులు

రేఖకు ఒక కొస వర్షజలమైతే రెండో కొస ఏమిటన్నది మొదటి ప్రశ్న. సముద్రజలం ఆవిరయ్యేకొద్దీ ఐసోటోపు విలువలు మొదట పెరిగి, గాఢత హెచ్చాక వెనుదిరుగుతాయి. అలాంటి నీటితో వర్షజలం కలిసినా సరళరేఖే వస్తుంది. 1986లో క్నాత్, బ్యూనాస్ పర్మియన్ కాలపు ఉప్పుస్ఫటికాల్లో చిక్కుకున్న నీటిని విశ్లేషించి ఈ ప్రత్యామ్నాయాన్ని బలపరిచారు. అందువల్ల రేఖ ఒక్కటే ప్రాచీన సముద్రజలం పూర్తిగా తొలగిపోయిందని రుజువు చేయజాలదు.

రెండోది, ఈ ఐసోటోపులు నీటి చరిత్రనే చెబుతాయి. అందులో కరిగిన ఉప్పు చరిత్రను చెప్పవు. వర్షజలం పాత ఉప్పుపొరలను కరిగించుకొని ఉండవచ్చు. దీన్ని తేల్చడానికి బ్రోమైడ్, క్లోరైడ్‌ల నిష్పత్తి తోడ్పడుతుంది. ఉప్పు స్ఫటికంగా మారేటప్పుడు బ్రోమైడ్ అధికభాగం నీటిలోనే మిగులుతుంది. కనుక ఆవిరైన సముద్రజలంలో ఈ నిష్పత్తి హెచ్చు. ఉప్పుపొరలను కరిగించుకున్న నీటిలో తక్కువ.

4. ముగింపు

ఈ చర్చ కేవలం సైద్ధాంతికం కాదు. అణువ్యర్థాలను లోతైన శిలల్లో భద్రపరచాలంటే, అక్కడి నీరు యుగాలుగా కదలక ఉన్నదా, పైనుంచి వర్షజలం చేరుతున్నదా అన్నది తెలియాలి. క్లేటన్ బృందం పత్రం ప్రాచీన సముద్రజలమే అంతా అన్న నమ్మకాన్ని సహేతుకంగా సడలించింది. కానీ ‘పుట్టుక’ అన్న ఒక్క మాటలో నీటి పుట్టుక, ఉప్పు పుట్టుక అనే రెండు ప్రశ్నలున్నాయి. వాటిని విడదీసి చదివినప్పుడే ఆ పత్రం విలువా, పరిమితీ స్పష్టమవుతాయి.